మూడింట్లో రెండు చాలు

“దొంగ ఏమీ పట్టుకుపోలేదు. కెమెరాలున్నాయి, మైకులున్నాయి, కంప్యూటరుంది. పోయిందల్లా ఒక్క వీడియో. అది కూడా ఇంతవరకూ ఎవరూ చూడనిది! దీనికి మేం చాలమని డిటెక్టివ్‌ని కూడా పిలిచారా?”

ఇన్‌స్పెక్టర్ ఈ మాట అన్నది టైలరమ్మతోనే అయినా, గురి పెట్టింది మాత్రం గుమ్మంలో నిలబడ్డ జల్లెడ మీద. ఒకప్పుడు సైబర్ విభాగంలో ఆమె కిందే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు తాడిదన్నేవాడి తలదన్నేవాణ్ణి అనుకుంటున్నాడు. చేతికొచ్చిన కేసును రాయీ రప్పా మిగలకుండా జల్లిస్తుందని ఆమెకి డిపార్ట్‌మెంటు పెట్టిన పేరు జల్లెడ. ఉద్యోగం వదిలేసినా పేరు ఆమెను వదల్లేదు.

“ఎవరూ చూడని వీడియోని ఎవరో పనిగట్టుకుని చెరిపేశారంటే, అందులో ఏముందో తెలిసినవాడు ఒకడున్నట్టేగా,” అంది జల్లెడ లోపలికి వస్తూ. “నాకు నచ్చింది ఈ కేసు.”

కింద బట్టలు కుట్టే దుకాణం. పైన ఈ గది. టైలరమ్మ భర్త కెమెరామన్. ఆయన తమ్ముడు సౌండ్ రికార్డిస్టు. అన్నదమ్ములిద్దరూ ఈ గదిలోనే పనిచేసేవారు. పద్నాలుగు నెలల కిందట ఒక రాతి క్వారీ గురించి ప్రచార చిత్రం తీయడానికి ఇద్దరూ వెళ్లారు. తమ్ముడొక్కడే తిరిగొచ్చాడు. అన్నయ్య జారి క్వారీ గుంటలో నిండిన నీళ్లలో పడిపోయాడన్నాడు. ఒక చెప్పు తేలింది. మనిషి తేలలేదు.

ఆ సాయంత్రం కెమెరా తీసిన ఆఖరి వీడియో ఇంటర్నెట్ ద్వారా తనంతట తానే ఇంటికి చేరింది. నిన్న మధ్యాహ్నం మూడుంపావుకి దాన్ని చెరిపేశారు. అప్పుడు టైలరమ్మ పళ్ల డాక్టరు దగ్గరుంది.

“తాళం పగలగొట్టలేదు. చెరిపింది ఈవిడ ఖాతాలోంచి, ఈవిడ పాస్‌వర్డుతో, ఈ గదిలోంచే,” అని వేళ్లు మడిచాడు ఇన్‌స్పెక్టర్. “పళ్ల డాక్టరు దగ్గర ఈవిడ పేరు రాసి ఉంది, ఒప్పుకుంటాను. కానీ పాస్‌వర్డు ఇంకొకరికిచ్చి పంపలేదని ఏముంది?”

“నా వీడియో నేనెందుకు చెరుపుకుంటానండీ?” అంది టైలరమ్మ. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. తీయడం కూడా మర్చిపోయినట్టుంది.

జల్లెడ ఆమె పక్కన బల్ల మీద కూర్చుంది. “పద్నాలుగు నెలలు దగ్గర పెట్టుకుని ఎందుకు చూడలేదమ్మా?”

“చూసేస్తే అయిపోతుంది కదండీ.”

ఇన్‌స్పెక్టర్ ఏదో అనబోయాడు. జల్లెడ చెయ్యి అడ్డంపెట్టింది.

“ఆయనవి మిగతావన్నీ అరిగిపోయేలా చూశాను,” అంది టైలరమ్మ. “ఏ మాట తర్వాత ఏ మాటొస్తుందో, ఎక్కడ దగ్గుతారో కంఠతా వచ్చు. ఇదొక్కటే తెలీదు. ఇది చూడనంతకాలం ఆయన నాతో కొత్తగా చెప్పాల్సింది ఇంకా ఏదో మిగిలే ఉంది కదా అనిపించేది. దాచుకున్నాను. పిచ్చి అనుకోండి.”

“మరి ఇప్పుడెందుకు చూడాలనిపించింది?”

“మొన్న ఒక చొక్కాకి కాజాలు కుడుతున్నాను. ఆయన గొంతు గుర్తు రాలేదు. వీడియోల్లో మాట్లాడే గొంతు కాదండీ, అది గుర్తుంది. ఇంట్లో మాట్లాడే గొంతు. మెట్ల మీద నుంచి నన్ను కేకేసే గొంతు. ఎంత తలుచుకున్నా రాలేదు. భయమేసింది. మా మరిదికి ఫోన్ చేసి, రేపు సాయంత్రం చూద్దాం, నువ్వూ రా అన్నాను. తీరా చూద్దును కదా, ఆ రేపటికే అది లేదు.”

జల్లెడ ముప్పై ఏళ్లలో డబ్బు పోగొట్టుకున్నవాళ్లని, పరువు పోగొట్టుకున్నవాళ్లని చూసింది గానీ, దాచుకున్న ఎదురుచూపునే దొంగిలించారని ఫిర్యాదు చేసిన మనిషిని చూడలేదు. లేచి గది చూడటం మొదలుపెట్టింది.

కిటికీ కింద చేటంత పెట్టె ఒకటుంది. నిన్నటిదాకా రాత్రింబవళ్లు నడిచిన యంత్రం. ఇప్పుడు దీపాలన్నీ ఆరిపోయి ఉన్నాయి. దాని మీద పెన్నుతో రాసి ఉంది: ‘ఉమ్మడి’.

“ఇదేంటి బాబూ?” అని అడిగింది, మూల కుర్చీలో తల వంచుకుని కూర్చున్న సౌండ్ తమ్ముణ్ణి.

“అన్నయ్యా నేనూ చేసుకున్నది,” అన్నాడు తమ్ముడు. “వీడియోలు దాచడానికి ఒక్క క్లౌడ్ కంపెనీని నమ్ముకుంటే, వాడు మూసేసిన రోజు మన పని గోవిందా. అందుకని మూడు వేర్వేరు కంపెనీల్లో ముగ్గురి పేర్లతో ఖాతాలు తెరిచాం. అన్నయ్యదొకటి, వదినదొకటి, నాదొకటి. ఈ పెట్టె మూడింటినీ కలిపి ఒకే అలమరలాగా చూపిస్తుంది. ఏది ఎక్కడుందని మనం వెతుక్కోనక్కర్లేదు.”

“ఉమ్మడి కుటుంబంలాగన్నమాట. ఎవరి సంపాదన ఎక్కడున్నా కంచం ఒకటే.”

తమ్ముడు చిన్నగా నవ్వాడు. “అన్నయ్యా అలాగే అనేవాడు. వీడియో లోపలికి రాగానే పెట్టె దాన్ని మూడు ముక్కలు చేసి, ఖాతాకొకటి పంపుతుంది. మూడింట్లో ఏ రెండున్నా చాలు, వాటిలోంచి మూడోదాన్ని అదే తయారుచేసుకుంటుంది. ఒక్కటే మిగిలితే మాత్రం ఎందుకూ పనికిరాదు.”

“నిన్న పోయింది వదిన ముక్క ఒక్కటేగా? మరి వీడియో మొత్తం పోయిందని అందరికీ ఎందుకు చెప్పావు?”

“అన్నయ్య ఖాతా ఎప్పుడో మూతపడిపోయింది కదండీ. ఆ కంపెనీ నిబంధన అది. ఏడాదిపాటు మనిషి వచ్చి పాస్‌వర్డు కొట్టకపోతే తీసేస్తారు. పెట్టె తెరిస్తే లెక్కలోకి రాదు. అన్నయ్యది అలా పోయింది, వదినది నిన్న పోయింది. మిగిలింది నాదొక్కటే.”

“అన్నయ్య ఖాతా పోవడం నువ్వు చూశావా?”

“చూసేదేముంది? ఏడాది దాటి రెండు నెలలైంది.”

జల్లెడ వంగి పెట్టె కరెంటు వైరు తీసింది. ఎవరో ప్లగ్గు ఊడదీసి, వైరు చుట్టచుట్టి, పెట్టె పక్కన బుద్ధిగా పెట్టారు. చుట్టకొస పట్టుకుని మిగతాది నేల మీదకి విసిరింది. వైరు ఒక్క మెలిక కూడా పడకుండా గది ఆ చివరిదాకా తిన్నగా పరుచుకుంది.

మామూలు మనిషి వైరు చుడితే మోచేతికేసి గిరగిరా చుడతాడు. విసిరితే చిక్కుపడి కూర్చుంటుంది. చుట్టు విడిచి చుట్టు తిరగేసి చుడితేనే ఇలా పరుచుకుంటుంది. మైకు వైర్లతో బతికేవాళ్ల చేతికి తప్ప ఇంకెవరి చేతికీ ఆ అలవాటు ఉండదు. కంగారులో ఉన్నా చెయ్యి తన పని తాను చేసుకుపోతుంది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి వైర్లు చుట్టే పని తెలియకపోయి ఉంటుంది.

“నిన్న మూడింటికి ఎక్కడున్నావు బాబూ?”

“స్టూడియోలో. డబ్బింగ్ ఉంటేను.”

“ఇక్కడికి వచ్చే ముందే మీ స్టూడియోకి ఫోన్ చేశాను. నిన్న రెండున్నరకి కరెంటు పోయిందట, అందరినీ ఇళ్లకి పంపేశారట. చీకట్లో ఎవరికి డబ్బింగ్ చెప్పించావు?”

టైలరమ్మ మరిది వైపు తిరిగి చూసింది. నమ్మకం ఇంకా పోలేదు ఆ చూపులో.

సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టర్ మధ్యలోకి దూరాడు.

“మేడం, వైర్ల శాస్త్రం తర్వాత చూద్దాం. నా దగ్గర దీనికన్నా పెద్దదుంది.” జేబులోంచి ఒక కాగితం తీశాడు. “పొద్దున్నే మూడు కంపెనీలనీ అడిగి తెప్పించాను. కెమెరామన్ ఖాతా మూతపడలేదు! పద్నాలుగు నెలలుగా, ప్రతి నెలా మొదటి తారీఖున ఎవరో ఆయన పేరుతో, ఆయన పాస్‌వర్డుతో లోపలికి వెళుతున్నారు. చచ్చినవాడు నెలనెలా వచ్చి పాస్‌వర్డు కొడతాడా? ఆయన బతికే ఉన్నాడు. ఈవిడకి తెలుసు. అందుకే వీడియో చెరిపించింది.” పెట్టె మీద చెయ్యి వేశాడు. “దీన్ని స్టేషనుకి తీసుకుపోతున్నాను.”

“చెయ్యి తియ్యి,” అంది జల్లెడ.

“నేను ఇప్పుడు మీ కింద పనిచెయ్యడం లేదు మేడం.”

“అందుకే మంచిగా చెబుతున్నాను. నా కింద ఉన్నప్పుడైతే చెప్పేదాన్ని కాదు, చేతిమీద కొట్టేదాన్ని. ఆ కాగితంలో నీకు నేరం ఒక్కటే కనిపించింది. అందులో ఇంకొకటుంది, అది చూడు ముందు.”

ఆమె ఇంకా మాట్లాడేలోపే టైలరమ్మ అంది, “అది నేనండీ.”

ఇన్‌స్పెక్టర్ పెట్టె మీంచి చెయ్యి తీశాడు.

“నెలనెలా వెళ్లేది నేనే. ఆయన పాస్‌వర్డు నాకు తెలుసు. లోపలికి వెళ్లగానే పైన ఆయన పేరు రాసి, పునఃస్వాగతం అని వస్తుంది.” ఆమె మాటలు వినపడీ వినపడనట్టున్నాయి. “ఆయన వచ్చారని ప్రపంచంలో ఇంకెవరూ అనడం లేదు. ఆ ఒక్క యంత్రం అంటుంది. అది చదువుకుని, కాసేపు చూసి, మూసేసేదాన్ని. ఇంకేమీ ముట్టుకోలేదు. పరాయివాళ్లకి చెప్పుకోవడానికి సిగ్గేసింది.”

తమ్ముడు రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు.

జల్లెడ కళ్లలో మాత్రం దీపం వెలిగింది. “ఇన్‌స్పెక్టరూ, నువ్వు చూడనిది ఇదే. ఆవిడ పుణ్యమా అని ఆ ఖాతా బతికే ఉంది. అంటే ఆయన ముక్క పదిలం. తమ్ముడి ముక్క ఎటూ ఉంది. మూడింట్లో రెండు! చెరిపినవాడు ఏడాది నిబంధనని నమ్ముకున్నాడు. ఈవిడ మనసుని లెక్కలో వేసుకోలేదు. నువ్వు ఆ పెట్టెని స్టేషనుకి మోసుకుపోతే అది సాక్ష్యాల గదిలో దుమ్ము తింటుంది. ఇక్కడే ప్లగ్గు పెడితే వీడియో తిరిగొస్తుంది.”

ఇన్‌స్పెక్టర్ కాగితం వైపు, పెట్టె వైపు చూశాడు. మొండివాడే గానీ తెలివితక్కువవాడు కాదు. వంగి తనే ప్లగ్గు పెట్టాడు.

కంప్యూటరు తెర మీద మూడు గుర్తులు కనిపించాయి. ఒకటి ఎరుపు, అది టైలరమ్మది. తమ్ముడిది ఆకుపచ్చ. మూడోది, పెట్టె ఒక రోజంతా ఆగిపోయింది గనక, మళ్లీ పాస్‌వర్డు అడిగింది. టైలరమ్మ కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకున్నా కొట్టగలిగినంత వేగంగా కొట్టింది. భర్త పేరుతో ఆయన పేజీ తెరుచుకుంది. పక్కనే పెట్టె పని మొదలుపెట్టింది. పోయిన ముక్కని మిగతా రెండింట్లోంచి కొంచెం కొంచెంగా కట్టుకుంటూ వచ్చింది.

“వదినా, వద్దు,” అన్నాడు తమ్ముడు. “అది ఇంటికి చేరిన రోజే చూశాను, నేనే చెరిపాను. ఒప్పుకుంటున్నాను. నన్ను ఏం చేసినా సరే. అది మాత్రం చూడకు.”

“నీ ముక్క కూడా చెరిపేసుంటే మాకు దొరికేదే కాదుగా,” అంది జల్లెడ.

“చెరుపుదామనే కూర్చున్నాను. చెయ్యి రాలేదు. నా దగ్గరైనా మిగిలిన అన్నయ్య అదొక్కటే.”

టైలరమ్మ మరిదికేసి చూడలేదు. వీడియో మీద వేలు పెట్టి ఒక్క క్షణం ఆగింది. దాచుకున్నది ఈ క్షణంతో అయిపోతుంది. తర్వాత నొక్కేసింది.

తెర మీద క్వారీ నీళ్లు. కెమెరా స్టాండు మీద ఉంది, దాని సొంత మైకుతో సహా నడుస్తోందని ఎవరికీ తెలిసినట్టు లేదు. అంచున నిలబడ్డ ఇద్దరి వీపులు కనిపిస్తున్నాయి.

“మైకు ఆపేశావా?” అంది ఒక గొంతు.

టైలరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “ఇదే,” అంది వేళ్ల సందుల్లోంచి. “మెట్ల మీద నుంచి పిలిచే గొంతు. ఇదేనండీ.”

“ఆపేశానన్నయ్యా.”

“అయితే విను. రాళ్లు పేల్చినప్పుడు ఇద్దరు కూలీలు వాటి కింద పడిపోయారు కదా, వాళ్లని తీయకుండా పైన మట్టి తోయించాడు ఈ క్వారీ మేనేజరు. నేను అది కెమెరాలో తీశానని వాడికి తెలిసిపోయింది. ఆ మెమరీ కార్డు జాగ్రత్తగా దాచాను. కానీ నేను బతికున్నంతకాలం వాడు వదలడు. నా కోసం ఇంటికొస్తారు. మీ వదిన దగ్గరికొస్తారు. నేను నీళ్లలో పోయాననుకుంటే అక్కడితో ఆగుతారు.”

“వదినకైనా చెప్పి వెళ్లు.”

“దానికి అబద్ధం ఆడటం రాదురా. చెబితే దొంగ ఏడుపు ఏడవాలి, దానివల్ల కాదు. వాళ్లు నమ్మాలంటే అది నిజంగానే ఏడవాలి.” గొంతు ఆగింది. ఒక దగ్గు. “దాన్ని చూసుకో.”

ఒక వీపు వంగింది. కాలి చెప్పు తీసి నీళ్లలోకి విసిరింది. మిగిలిన ఒంటి చెప్పుతో ఆ మనిషి రాళ్ల మీద కుంటుకుంటూ తెర దాటి వెళ్లిపోయాడు. తమ్ముడు చాలాసేపు అక్కడే నిలబడి, తర్వాత అరవడం మొదలుపెట్టాడు. “అన్నయ్య పడిపోయాడు! ఎవరైనా రండి!”

“అప్పట్లో ఆ చెప్పుకి సాక్ష్యమని సీలు వేసింది నేనే,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ మెల్లగా. తను చెప్పిందే నిజమైందని గుర్తుచేసే ఉత్సాహం అతనిలో ఎక్కడా లేదు.

టైలరమ్మ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. రెండూ ఒకేసారి వచ్చినట్టున్నాయి. “ఉన్నారు,” అంది. “ఉన్నారండీ.” లేచి మరిది ముందు నిలబడింది. “నా పక్కనే కూర్చుని చూశావు కదరా! ఇన్ని నెలలు నేను ఏడుస్తుంటే, మంచినీళ్లు అందిస్తూ చూశావు కదరా!”

“చూశాను వదినా.”

“ఎక్కడున్నారు?”

“నాకూ తెలీదు. నెలకోసారి కొత్త నంబరు నుంచి ఫోన్ చేసేవాడు. ముందు నీ సంగతే అడిగేవాడు. తిన్నదా, దుకాణం తెరుస్తోందా అని. ఆఖరిసారి చేసినప్పుడు మాత్రం భయపడుతున్నాడు. ‘నేను బతికున్నానని వాళ్లకి తెలిసిపోయిందిరా, నువ్వెవరికైనా చెప్పావా?’ అన్నాడు. ఒట్టు, లేదన్నాను. అంతే. రెండు నెలలుగా ఫోన్ లేదు. అందుకే నువ్వు వీడియో చూస్తానంటే హడలిపోయాను. ఆయన ఉన్నాడని తెలిసి, ఆ వెంటనే పోయాడని తెలిస్తే నువ్వు మళ్లీ తట్టుకోలేవు వదినా.”

“నువ్వు చెప్పలేదు. ఈవిడకి తెలియదు,” అంది జల్లెడ తనలో తాను. “వాళ్లకి ఎలా తెలిసింది?”

ఆమె చూపు తెర మీద తెరిచే ఉన్న కెమెరామన్ పేజీ మీద పడింది. ఎడమ పక్కన ఒక ఫోల్డరు. క్వారీ వాళ్లకి నమూనా ఫొటోలు పంపడానికి ఆయనే తెరిచి, మేనేజరుతో పంచుకున్నది. దాని కింద ఇద్దరి పేర్లు. ఎవరు లోపల ఉంటే వాళ్ల పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతుంది. కెమెరామన్ పేరు పక్కన ఇప్పుడు వెలుగుతోంది.

“ఇది ప్రతిసారీ ఇలాగే వెలుగుతుందా?” అని అడిగింది.

“వెలుగుతుంది. ఆయన ఉన్నట్టే ఉంటుందని కాసేపు చూస్తూ...” టైలరమ్మ మాట మధ్యలోనే తెగిపోయింది. “వాడికీ కనిపిస్తుందా అది?”

జల్లెడ తలూపింది. ఏ ప్రేమ వీడియోని కాపాడిందో అదే ఆ మనిషిని పట్టించింది. నెలనెలా మొదటి తారీఖున, చచ్చినవాడు బతికే ఉన్నాడని శత్రువుకి కబురు వెళుతూ వచ్చింది.

“నేనే,” అంది టైలరమ్మ. “ఆయన్ని నేనే పట్టిచ్చాను.”

“మేడం,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “చూడండి.”

రెండో పేరు, మేనేజరు పేరు పక్కన కూడా చుక్క వెలిగింది. దాని కింద చిన్న గడి తెరుచుకుంది. అక్షరాలు ఒక్కొక్కటే వచ్చి నిలబడ్డాయి.

‘ఈ నెల ముందే వచ్చావేం?’

ఇన్‌స్పెక్టర్ చెయ్యి ప్లగ్గు వైపు వెళ్లింది. “కట్టేయండి, వెంటనే!”

“ఆగు!” అంది జల్లెడ. “వాడు ఇంకా ఆయన్నే అడుగుతున్నాడు, అర్థమవుతోందా? అంటే ఆయన వాళ్లకి దొరకలేదు. ఇప్పుడు చుక్క ఆరిపోతే వాడు జాగ్రత్తపడతాడు. నీ వాళ్లకి ఫోన్ చేసి, వాడు ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నాడో పట్టించు. అంతవరకూ వాణ్ణి ఎవరో ఒకరు మాటల్లో పెట్టాలి. ఒక్క మాట తేడా వచ్చినా పసిగడతాడు.”

ఇన్‌స్పెక్టర్ ఈసారి వాదించలేదు. ఫోన్ తీసి వరండాలోకి పరుగెత్తాడు.

గడిలో ఇంకో వాక్యం వచ్చింది. ‘కార్డు ఇచ్చెయ్. నీ పెళ్లాం జోలికి రాం.’

జల్లెడ కుర్చీ లాక్కోబోయింది. అప్పటికే టైలరమ్మ అందులో కూర్చుంది. మెడలోని టేపు తీసి పక్కన పెట్టింది.

“మీరు జరగండి,” అంది. “ఆయన ఎలా మాట్లాడతారో నాకు తెలుసు.”

ఆమె భర్త పేరున జవాబు రాయడం మొదలుపెట్టింది.